సూద్ హరామ్ అన్నాం, సరే. మరి హలాల్ దారి ఎవరు వెయ్యాలి?



పోయిన జుమా నాడు మా మస్జిద్‌లో సూద్ మీద బయాన్ జరిగింది. మంచి బయాన్. సూద్ తినేవాడే కాదు, తినిపించేవాడు, ఆ కాగితం రాసేవాడు, గవాహీ పెట్టేవాడు, అందరూ ఆ గునాహ్‌లో భాగస్తులేనని ఖతీబ్ సాబ్ గట్టిగా చెప్పారు. మగాళ్లమంతా తలలూపాం. నమాజ్ అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే జమాత్ పెద్దాయన ఒకరు నా భుజం మీద చెయ్యేసి, "చూశావా భాయ్, మన ఆడోళ్లు డ్వాక్రా గ్రూపుల్లో చేరతా ఉండారు. ఆ సూద్ పైసా ఇళ్లలోకి వస్తా ఉంది. దీన్ని ఆపాల," అన్నారు. నేను "జీ" అని వచ్చేశాను.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక పల్లె. మా వీధి మలుపు తిరిగేసరికి అక్కడ మోటార్ సైకిల్ ఆపుకుని ఫైనాన్స్ కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో అట్టకార్డుల కట్ట. జుమా అని ఆగలేదు, రంజాన్ అని కూడా ఆగడు. ఆ పెద్దాయన ఇంటికి రెండిళ్ల అవతల ఒక ఆపా గడప దాటి వచ్చి, కొంగు ముడి విప్పి, వంద నోటు అతని చేతిలో పెట్టింది. కార్డు మీద టిక్కు పడింది.

ఆ కార్డు లెక్క మీకు తెలియంది కాదు. పదివేలు అప్పు అంటారు, చేతికి ఇచ్చేది తొమ్మిది వేలు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి వెళ్లిపోతూ ఉంటుంది కాబట్టి, ఆ తొమ్మిది వేలు ఆమె దగ్గర పూర్తిగా ఉండేది ఒక్క పూటే. ఏడాది మీద లెక్కేస్తే ఆ సూద్ 80 శాతం దగ్గరికి పోతుంది. బ్యాంకు గ్రూపు లోన్‌ని హరామ్ అని ఆపిన మనం, దానికి ఎన్నో రెట్లు పీల్చే ఈ కార్డు గురించి మిమ్బర్ మీది నుంచి ఒక్క మాట అనలేదు. ఎందుకంటే ఈ సూద్ గడప దగ్గర చెల్లిపోతుంది, మనకి కనపడదు. గ్రూపులో అయితే ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చుంటారు, అది కనపడుతుంది.

అందుకే ఈ మాట రాస్తున్నాను. చదివి కోపం వస్తే రానివ్వండి. సూద్ హరామ్, అందులో బహస్ లేదు. కానీ హరామ్ అని చెప్పి చేతులు దులుపుకోవడం దీన్ కాదు. మన ఆడవాళ్ల ముందు హలాల్ దారి ఒకటి వెయ్యాలి. ఆ దారి పేరు సంఘం. పదిమంది కలిసి పొదుపు చేసి, కలిసి తిజారత్ చేసే చిన్న సంఘం. దాన్ని మనం కట్టనంత కాలం వాళ్లని తిట్టే హక్కు మనకి లేదు.

సంఘం అనే మాట నెల్లూరు వాళ్లకి ఎవరూ బయటినుంచి వచ్చి నేర్పక్కర్లేదు. ఈ జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపించింది. రాత్రిపూట అక్షరాస్యత క్లాసులో కూర్చున్న కూలీ ఆడవాళ్లు, మొగుడి కూలీ డబ్బు యాడికి పోతా ఉందో లెక్క వేసుకున్నారు. అక్కడ మొదలైన కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయ్యింది. ఆ తర్వాత ఇదే జిల్లాలో సారాకి పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి గ్రూపులు వచ్చాయి. అప్పటికి డ్వాక్రా పథకం వచ్చి పదేళ్లయింది, అది 1982 నాటిది. కానీ దానికి ప్రాణం పోసింది ఈ రూపాయి పొదుపే. మన రాష్ట్రం తర్వాత దేశానికి చూపించుకున్న మహిళా సంఘాల వెనక ఈ మట్టి ఉంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ ఆడవాళ్లు అప్పు కోసం కూడలేదు. ముందు కూడారు, మాట్లాడుకున్నారు, ఒక జులుమ్‌ని ఆపారు, తర్వాత దాచుకున్నారు. అప్పు ఆఖర్న వచ్చింది. ఆ వరస తప్పినప్పుడే సంఘం పాడైపోయింది.

వరస ఎట్లా తప్పిందో కూడా చెప్పాలి, లేకపోతే నేను సర్కార్ పథకానికి ప్రచారం చేస్తున్నానని అనుకుంటారు. 1992లో నాబార్డ్ 500 గ్రూపులతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. 2000లో వెలుగు వచ్చింది, సెర్ప్ వచ్చింది, తర్వాత పావలా వడ్డీ వచ్చింది. మంచే జరిగింది, కాదనను. సంతకం పెట్టడం రాని ఆడవాళ్లు బ్యాంకు మేనేజర్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. కానీ మెల్లమెల్లగా సంఘం అంటే లోను, లోను అంటే సంఘం అయిపోయింది. వచ్చిన డబ్బు పదిమంది సమానంగా పంచుకోవడం, ఒకరు పెళ్లికి, ఒకరు ఆస్పత్రికి, ఒకరు పాత అప్పుకి వాడుకోవడం, తిజారత్ ఊసే లేకపోవడం. మీటింగ్ అంటే కంతు వసూలు. ఎవరిదో బహిరంగ సభ ఉంటే లారీ ఎక్కి పోవడం.

ఆ సందులోకి మైక్రో ఫైనాన్స్ కంపెనీలు దూరాయి. అదే పదిమందిని కూర్చోబెట్టి, ఒకరి అప్పుకి ఇంకొకరిని జామీను చేశారు. కంతు కట్టని ఆపా ఇంటి ముందు కంపెనీ మనిషి కాదు, తోటి సభ్యురాళ్లే నిలబడి అరిచారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది, అది తర్వాత చట్టమైంది. ఒకరికి ఒకరు తోడుగా ఉండాల్సిన సంఘాన్ని ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టే సంఘంగా మార్చింది సూద్. అల్లాహ్ దాన్ని ఎందుకు హరామ్ చేశాడో తెలుసుకోవడానికి ఇంతకంటే దలీల్ ఏం కావాలి?

అంటే ఖతీబ్ సాబ్ చెప్పింది సచ్. కానీ సగం సచ్. మిగతా సగం ఆయన చెప్పలేదు, మనం అడగలేదు.

అల్-బఖరా సూరాలో సూద్‌ని హరామ్ చేసిన చోటే తిజారత్‌ని హలాల్ చేసిన మాటా ఉంది. ఒక తలుపు మూసి ఇంకో తలుపు తెరిచాడు. అప్పు తీర్చలేనివాడికి గడువు ఇవ్వమన్న మాట అక్కడే ఉంది. ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయత్ దాని పక్కనే ఉంది. అది దేని గురించి? అప్పు లెక్క రాసి పెట్టుకోవడం గురించి. మన మహల్లాలో ఎంతమంది దగ్గర లెక్కల పుస్తకం ఉంది?

అన్సారీ సహాబీ ఒకరు చెయ్యి చాపి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఏం చేశారు? ఇంట్లో ఉన్న గుడ్డ, గిన్నె తెమ్మన్నారు. వాటిని అక్కడికక్కడే రెండు దిర్హమ్‌లకి అమ్మించారు. ఒక దిర్హమ్ ఇంటి తిండికి, ఒక దిర్హమ్ గొడ్డలికి. కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనపడొద్దు అని పంపారు. ఆయన పది దిర్హమ్‌లు సంపాదించుకుని తిరిగొచ్చాడు. మనం ఏం చేస్తున్నాం? రంజాన్‌లో బియ్యం మూట ఇచ్చి ఫోటో తీసుకుంటున్నాం. మూట నెలలో అయిపోతుంది. గొడ్డలి మాత్రం ఇవ్వం.

అష్అరీ ఖబీలా సంగతి కూడా హదీసుల్లో ఉంది. తిండి తక్కువైతే ఎవరి దగ్గర ఉన్నది వాళ్లు ఒక గుడ్డ మీద పోసి, అందరూ సమానంగా పంచుకునేవాళ్లు. వాళ్లు నావాళ్లు, నేను వాళ్లవాణ్ణి అన్నారు ప్రవక్త (స). పదిమంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని రోజుకి పది రూపాయలు పోగేస్తే నాకు గుర్తొచ్చేది ఆ గుడ్డే. లెక్క చూడండి. మనిషికి రోజుకి పది అంటే నెలకి మూడొందలు. పదిమందికి మూడు వేలు. ఏడాదికి 36 వేలు. ఫైనాన్స్ కుర్రాడికి వంద ఇచ్చే చెయ్యి పది దాచుకోలేదా? దాచుకుంటుంది. దాన్ని నమ్మకంగా పెట్టే చోటు లేదు, అంతే.

"సూద్ లేకుండా నడవదు భాయ్, అవన్నీ కితాబుల్లో మాటలు" అంటారు కొందరు. నడిచింది. మన హైదరాబాద్‌లోనే నడిచింది. 1908లో హైదరాబాద్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాబ్ దీని గురించి రాశారు. నిజాం కాలంలోనే సభ్యులు నెలనెలా కొద్దికొద్దిగా జమ చేసుకుని, అందులోంచి సూద్ లేకుండా ఖర్జ్ ఇచ్చిన సొసైటీలు అక్కడ ఉన్నాయి. దేవబంద్‌లో 1961 నుంచి ముస్లిం ఫండ్ ఉంది, నగలు కుదువ పెట్టుకుని సూద్ లేకుండా అప్పు ఇస్తుంది. ఇవేవీ అరబ్ షేక్‌ల డబ్బుతో మొదలైనవి కావు.

అంత దూరం ఎందుకు, మన ఆడవాళ్లే నడుపుతున్నారు. పాట పాడని చీటీ తెలుసు కదా? పదిమంది నెలకి వెయ్యి వేస్తారు, పేర్లు రాసి డబ్బాలో వేసి తీస్తారు, ఎవరి పేరొస్తే వాళ్లకి పదివేలు. తగ్గింపు లేదు, ఎక్కువ లేదు. మా అమ్మీ చిన్నప్పటి నుంచి ఇది వేస్తోంది. ఇంట్లో కుట్టు మిషన్ దాంతోనే వచ్చింది. ఆ మిషన్ మీద కుట్టిన గల్లీబులు, లంగాలే నన్ను చదివించాయి. ఏ ఆలిమ్ చెప్పకముందే మా అమ్మీకి ఖర్జ్-ఎ-హసనా తెలుసు, పేరు తెలియదు అంతే.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఖర్జ్-ఎ-హసనాని మనోళ్లు హంస్‌నా చేసేశారు. తీసుకున్నవాడు నవ్వుతాడు, ఇచ్చినవాడు ఏడుస్తాడు. సూద్ లేదు కాబట్టి తొందర లేదు అనుకుంటారు. ఇది సూద్ కంటే చిన్న గునాహ్ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అందుకే ఒంటరి మనిషి ఇచ్చే ఖర్జ్ కంటే సంఘం ఇచ్చే ఖర్జ్ మేలు. అందరి ముందు తీసుకుంటుంది, అందరి ముందు పుస్తకంలో రాస్తారు, ఆమె తిరిగి కడితేనే పక్క ఆపాకి దొరుకుతుంది. మన మహిళా సంఘాల పంచసూత్రాలు ఉన్నాయి చూడండి: క్రమంగా మీటింగ్, క్రమంగా పొదుపు, సభ్యుల మధ్య అప్పు, గడువులో చెల్లింపు, లెక్కల పుస్తకం. ఈ అయిదింట్లో షరియత్‌కి అడ్డం వచ్చేది ఏది? ఒక్క సభ్యుల అప్పు మీద వేసుకునే రెండు రూపాయల వడ్డీ. అది తీసెయ్యండి. మిగిలినదంతా మనదే.

కానీ పొదుపు దగ్గర ఆగితే సంఘం సగమే. అసలు బర్కత్ తిజారత్‌లో ఉంది.

మన తీరంలో ఏముంది? రొయ్యల చెరువులున్నాయి, మనవి కావు. మన ఆడవాళ్లు షెడ్లలో నిలబడి తల తీసి, పొట్టు ఒలుస్తారు. కూలీ ఒక్కటే వాళ్లది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఎక్కడో వాషింగ్టన్‌లో సంతకం పెడితే ఇందుకూరుపేట దిక్కున రొయ్య ధర వణుకుతుంది. ధర పడితే ముందు తెగేది కూలీ రోజులే. ఒకే కొనుగోలుదారుడి మీద, ఒకే పని మీద బతికే ఇంటికి ఆసరా ఏముంటుంది? రెండో రిజ్ఖ్ దారి ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

ఉన్నాయి కూడా. నెల్లూరు గొర్రె దేశమంతా పేరున్న జాతి. జోడిపి, పల్ల, బ్రౌన్ అని మూడు రకాలు. ఎత్తుగా, గంభీరంగా ఉంటుంది. బక్రీద్ ముందు ఊళ్లలోకి దళారీలు వచ్చి పొట్టేళ్లని అగ్గువకి కొనుక్కుని, సిటీలో మనకే రెట్టింపుకి అమ్ముతారు. ఖుర్బానీ ఇచ్చేది మనం, లాభం దళారీది. పదిమంది కలిసి బక్రీద్ అయిన వెంటనే పిల్లల్ని కొని, తలా రెండు మేపి, టీకాలు, మేత అన్నీ కలిసి తెచ్చుకుని, మళ్లీ బక్రీద్‌కి నేరుగా మస్జిద్ జమాత్‌లకి అమ్మితే? దీన్నే ఫిఖ్‌లో ముషారకా అంటారు. లాభం ముందే మాట్లాడుకున్న వాటా ప్రకారం, నష్టం పెట్టిన సొమ్ము ప్రకారం. జీవం చచ్చిపోతే ఒక్క ఇల్లు మునగదు, పదిళ్ల మీద పంచుకుంటుంది. అప్పు తెచ్చి ఒంటరిగా కొన్న ఆపాకి ఆ భరోసా యాడిది?

మిరప్పొడి, ధనియాల పొడి, బిర్యానీ మసాలా. మన చేతి రుచి ఊరంతా ఒప్పుకుంటుంది. కానీ పావుకిలో లెక్కన అంగట్లో సరుకు కొని చేస్తే ఏం మిగులుతుంది? పదిమంది కలిసి బస్తా కొనుక్కుంటే ఆ తేడానే లాభం. రంజాన్ సేమియా, దూదేకుల ఇళ్లలో పరుపులు, బొంతలు, మగ్గం వర్క్, బురఖా కుట్టడం, అన్నీ ఒంటరిగా చేస్తే కూలీ, కలిసి చేస్తే తిజారత్.

నమూనా కావాలంటే మన జిల్లా పడమటి కొసకి పోండి. ఉదయగిరి కొయ్య గరిటెలు, స్పూన్లు. అడవి కర్రతో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని. ఇవాళ దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, లేపాక్షి షోరూముల్లో అమ్ముతారు. సంతలో ఒంటరిగా కూర్చుని బేరం ఆడే చెయ్యి అంత దూరం పోలేదు. పదిమంది చేతులు ఒకే సరుకు, ఒకే నాణ్యతతో ఇస్తేనే పెద్ద కొనుగోలుదారుడు వస్తాడు.

స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకి లక్షల మంది వచ్చి వ్యాపార రొట్టె పట్టుకుంటారు. దాని జాయిజ్, నాజాయిజ్ బహస్ మన ఉలమాకి వదిలేస్తున్నాను, ఈరోజు నా గొడవ అది కాదు. నా గొడవ ఏమంటే, ఆ నాలుగైదు రోజులూ అంతమందికి తిండి, సామాన్లు అమ్మే అంగళ్లలో మన ఆడవాళ్ల సంఘం బల్ల ఒక్కటైనా నేను చూడలేదు. వ్యాపారం కోసం దుఆ చేసేది మన దగ్గర, వ్యాపారం చేసేది ఇంకొకరు.

"ఆడోళ్లు బజార్లో కూర్చుంటే పర్దా ఏమవుతుంది?" ఈ సవాల్ వస్తుందని తెలుసు. ఖదీజా (ర.అ) మక్కాలో తాజిర్. ఆమె సొమ్ముతో షామ్‌కి ఖాఫిలా తీసుకుపోయింది సాక్షాత్తూ ముహమ్మద్ (స). ఆమె సొమ్ము, ఆయన శ్రమ, ఇద్దరికీ లాభంలో వాటా. ఉమ్మత్‌కి తల్లి చేసిన పనికి ఇజ్జత్ ఉంటే, మా వీధి ఆపాకి ఎందుకు ఉండదు? నిజం చెప్పండి, షెడ్డులో మగ మేస్త్రీ కింద పన్నెండు గంటలు నిలబడినప్పుడు అడ్డం రాని పర్దా, పదిమంది ఆడవాళ్ల సంఘంలో కూర్చుంటే అడ్డం వస్తోందా? గైరత్ ఉంటే ముందు ఆ ఫైనాన్స్ కుర్రాణ్ణి గడప దగ్గర నిలబడకుండా చెయ్యండి.

ఇప్పుడు మగాళ్లకి, ముతవల్లీలకి, కమిటీ సాబ్‌లకి నా దర్ఖాస్తు. మినార్‌కి చందా అడిగితే మన ఊళ్లో వారంలో వస్తుంది. ఏసీలు వచ్చాయి, మార్బుల్ వచ్చింది. మాషా అల్లాహ్. మస్జిద్ పక్క గదిలో బైతుల్ మాల్ పేరుతో ఒక బీరువా పెట్టడానికి మాత్రం మూడేళ్లుగా మీటింగ్ జరగలేదు. జకాత్ హక్కుదారుల అమానత్, దాన్ని ఇందులో కలపొద్దు. అతియాతో మొదలుపెట్టండి. ఫైనాన్స్ కార్డు ఉన్న ఇళ్లు మన మహల్లాలో ఎన్నో లెక్క తీయండి. వాళ్ల మిగిలిన కంతులు ఖర్జ్-ఎ-హసనాగా తీర్చి, ఆ వందలో పదో ఇరవయ్యో సంఘంలో వేయించండి. మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. పదిమంది కలిస్తే తమ నియమాలు తామే రాసుకుని రిజిస్టర్ చేసుకోవచ్చు. సూద్ వద్దు అని నియమం రాసుకుంటే ఎవరూ కాదనరు.

కమిటీ పేరుతో ఆ సంఘాన్ని మీ చేతుల్లోకి మాత్రం తీసుకోకండి. పుస్తకం ఆడవాళ్ల దగ్గర ఉండాలి, తాళం ఆడవాళ్ల దగ్గర ఉండాలి. పక్కింటి రమణమ్మక్క వస్తానంటే చాప మీద జాగా ఇవ్వండి. కార్డు ఆమె గడప దగ్గరికీ వస్తోంది. సూద్ లేని పైసా మన సందుల్లోనే మేలు చేసి వాళ్ల సందు దగ్గర ఆగిపోదు.

బెహనో, మీకు ఒక్క మాట. మా కోసం ఆగకండి. మేము తలలూపడంలో ఉస్తాదులం. ఎనిమిది మందో పదిమందో కూడండి. మొదటి ఆరు నెలలు అప్పు మాటే ఎత్తకండి, పొదుపు, మీటింగ్, పుస్తకం, అంతే. తర్వాత కలిసి ఒక్క బస్తా కొనండి. లోను ఇస్తాం రమ్మని ఎవరైనా వస్తే, మాకు కావాల్సింది సరుకు కొనేవాళ్లు, అప్పు ఇచ్చేవాళ్లు కాదు అని చెప్పండి.

వచ్చే జుమాకి ఖతీబ్ సాబ్‌ని కలిసి ఈ మాటే చెప్పాలనుకుంటున్నాను. సూద్ మీద బయాన్ మళ్లీ చెయ్యండి హజ్రత్, కానీ ఈసారి ఆఖర్న బీరువా ఎప్పుడు తెరుస్తామో కూడా చెప్పండి అని. ఇన్షా అల్లాహ్, ఆ రోజు నేనూ గట్టిగా తలూపుతాను.

వస్సలామ్.